కన్ను పదిహేడు, మాకు చలి

కార్తీక శుద్ధ పంచమి
కన్ను: 17. మాకు: చలి. కారణం: తెలియదు.

పోయిన నెలలో ఒక ఉదయం గుర్తు చేసుకుంటున్నాను. ఆశ్వయుజ బహుళ తదియ. ప్రత్యేకం ఏమీ లేదు. నాలుగున్నరకి లేచాను. మేజోళ్ళు లేకుండా నేల మీద కాలు పెట్టాను. చల్లగా ఉంది కానీ కరవలేదు. గోడ వెంట వెళ్ళే వేడినీళ్ళ గొట్టం టిక్కు టిక్కుమంటోంది. వంటింట్లో ఆ గొట్టం పక్కన ఒక గూడు ఉంది. ఇడ్లీ పిండి గిన్నె అందులోనే పెడతాను. మూత దానంతట అది లేచి పక్కకి ఒరిగింది. పిండి అంచు దాటి గూట్లోకి ఒక చార కారింది. వేలితో తుడిచాను. పుల్లగా, వెచ్చగా ఉంది. స్నానం చేసి దేవుడి దగ్గర రెండు వత్తుల దీపం పెట్టాను. అది అరగంట వెలిగింది.

తమ్ముడు నరసింగం కిటికీ దగ్గర నిలబడి తెర ఎంత మందంగా ఉందో చూస్తున్నాడు. ఆకాశానికి తెర కట్టిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే అదే పని. చెల్లెలు వకుళ నోట్లో సూది పట్టుకుని పాత చీరలు పరిచి బొంత కుడుతోంది.

"ఇవాళ సూర్యుడు కనపడ్డాడా అన్నయ్యా?" అంది పళ్ళ మధ్య నుంచి.

"మొహం చాటేశాడు."

"నీ మొహం చూసే."

అంతే. ముగ్గురం ఇడ్లీలు తిన్నాం. వకుళ ఆ ఉదయమంతా ఒక్కసారే దగ్గింది.

ఆ ఉదయం ఇప్పుడు లేదు. నాలుగైదు రోజులుగా ఇల్లు చల్లబడింది. పిండి పొంగడం లేదు. ముట్టుకుంటే సుద్దలా ఉంటోంది. గూటి పక్క గొట్టం చప్పుడు చెయ్యడం లేదు.

ఈ పుస్తకం ఇంటికొకటి ఇస్తారు. మూడు గడులు నింపాలి. ఇంటి వేడి కొలిచే గోడమీది కన్ను చూపినది, ఇంట్లోవాళ్ళకి తెలిసినది, రెండింటికీ పొసగకపోతే కారణం. కింద సగం పేజీ ఖాళీ. నెల తిరగ్గానే వేడి గొట్టాలు చూసే లైను ఆఫీసుకి ఇవ్వాలి. ఇన్నాళ్ళూ కింది సగం నేను ముట్టుకోలేదు. మాటలు తక్కువ మనిషిని. కానీ ఇప్పుడు కాళ్ళు ఒక చోట నిలవడం లేదు. జపమాల ఎక్కడ దాకా తిప్పానో మరిచిపోతున్నాను. అందుకని రాస్తున్నాను.


కార్తీక శుద్ధ దశమి
కన్ను: 17. మాకు: చలి. కారణం: తెలియదు.

లైన్‌మేన్ పైడిరాజు వచ్చాడు. గుమ్మం పక్కనున్న పెట్టె తెరిచి అద్దంలో అంకె చూశాడు. మూడు మేకులకీ మూడు ఇత్తడి బిళ్ళలు వేలాడుతున్నాయా అని చూశాడు. నాది, నరసింగానిది, వకుళది. మనిషికో బిళ్ళ, బిళ్ళకింత వేడి. ఇల్లు పదిహేడు డిగ్రీలకి చేరిందని కన్ను చూడగానే గొట్టం మూత దానంతటదే పడుతుంది; అంకె అంతకు మించి చూపదు. మేము వాడుకోని వేడి కింది ఇంటికి పోతుంది. కొండ మీద మాది ఏడో మెట్టు; ఇక్కడ అన్ని ఇళ్ళ వరసలకీ ఇదే పద్ధతి.

"కన్ను పదిహేడు సెప్తందమ్మా," అన్నాడు.

"ఇల్లు చెప్పడం లేదు నాయనా," అన్నాను.

"కన్ను అబద్దవాడదు. మీకు సలేత్తందంటే అది వొయిసు."

వకుళ దుప్పటిలోంచి తల బయట పెట్టింది. "నాకు నలభై ఆరు. నీ కన్ను వయసెంత?"

"మొన్న శ్రావణంలో బిగించినాం. మూడు నెల్లు."

"పసిగుడ్డు. దానికేం తెలుస్తుంది, పాపం."

పైడిరాజు నవ్వాడు. లోపలికి వచ్చి కన్నుని చూడమన్నాను. అది దేవుడి గదిలో ఉంది. అక్కడ పెట్టించింది నేనే. శ్రావణంలో కన్ను బిగించడానికి వచ్చినవాళ్ళు, ఎవరూ తగలని చోటు, తడిబట్టలు ఆరేయని చోటు, గాలి కొట్టని చోటు ఏదమ్మా అని అడిగారు. ఈ ఇంట్లో అటువంటి చోటు దేవుడి గది ఒక్కటే. ఆ కుర్రవాళ్ళు చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని మరీ వచ్చి మందిరం పైన గోడకి బిగించి వెళ్ళారు. నాకు అప్పుడు ఎంతో తృప్తిగా అనిపించింది.

పైడిరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. "మా అయ్య పోయి ఏడాది తిరగలేదమ్మా. ఏటిసూతకం. దేవుడి గదిలోకి రాను. అంకె బయటే కనపడతంది కదా."

అతన్ని బలవంతం చెయ్యలేదు. అలా చెయ్యడం తప్పు.

వకుళ దగ్గు పెరిగింది. సముద్రం మా లంకని మింగిన ఏడాది నుంచీ దాని ఊపిరితిత్తుల్లో మచ్చ ఉంది. వెచ్చగా ఉంటే ఆ మచ్చ ఊరుకుంటుంది. చలి తగిలితే లేస్తుంది. ఈ చలికాలం అది గట్టెక్కాలని పాడ్యమి నాడు మొక్కుకున్నాను. నలభై ఒక్క రోజులు అఖండ దీపం. కొండెక్కకూడదు. గాలి తగలకుండా గది తలుపు మూసే ఉంచుతున్నాను. ఇవాళ్టి నుంచి వత్తులు అయిదు చేశాను. నూనె మా తిండి వాటాలోంచే. కూరల్లో తాళింపు మానేశాం. నరసింగం రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు, తర్వాత ఊరుకున్నాడు.


కార్తీక పౌర్ణమి
కన్ను: 17. మాకు: చాలా చలి. కారణం: తెలియదు.

డాక్టరు వచ్చి వకుళ వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు. కాయితం రాసి నా చేతికిచ్చాడు. దాని చేతికివ్వలేదు.

మార్గశిర పాడ్యమికి మళ్ళీ వస్తాడు. అప్పటికి దగ్గు తగ్గకపోతే వకుళని కింద రెండో మెట్టు మీది వెచ్చ సత్రానికి దింపుతారు. ఉగాది దాకా అక్కడే. అరవై మంచాల గది. కిందటి చలికి మా మెట్టు నుంచి పదకొండు మంది వెళ్ళారు. తిరిగి ఎక్కి వచ్చింది నలుగురు. వేడి లేక కాదు. ఒకళ్ళ దగ్గు ఒకళ్ళకి అంటుకుని.

"ఇక్కడే దగ్గుతాను," అంది వకుళ. "ఇక్కడ నా దగ్గు ఒక్కటే ఉంటుంది. అక్కడ అరవై."

నరసింగం బయటికి వెళ్ళి తిరిగొచ్చాడు. కూర్చోలేదు.

"శివారు ఇంటి కిటికీ చూశావా అక్కా?"

శివారు ఇల్లంటే మా గోడని ఆనుకున్న కింది ఇల్లు, వరసలో చివరిది. తమ్ముడు లంకలో ఉన్నప్పుడు కాలవ లాకు మీద పని చేశాడు. కాలవ చివరి పొలాలని శివారు అనేవారు. గొట్టాలొచ్చాక ఇక్కడా అదే మాట వాడతాడు. మంగతాయారు అనే అమ్మాయి ఉంటుంది అందులో. భర్త గంగరాజు కింద కొలిమిలో పని. పదిరోజులకోసారి ఎక్కి వస్తాడు. దీపావళి ముందురోజు ఆమె నెలలు నిండకుండా ప్రసవించింది. ఆడపిల్ల.

"అద్దానికి ఆవిరి పట్టి కారిపోతోంది," అన్నాడు. "లోపల తీగ మీద గుడ్డలు ఆరేసింది. మన ఇంట్లో తువ్వాలు మూడు రోజులకి ఆరదు. ఆవిడకి పూటలో ఆరిపోతున్నాయి. మన వేడి ఆవిడ గుడ్డలు ఆరబెడుతోంది."

"శివారు వాడు పైవాడి నీళ్ళు దొంగిలించడం నీ సర్వీసులో ఎప్పుడైనా చూశావా అన్నయ్యా?" అంది వకుళ. మధ్యలో దగ్గింది. "ఎప్పుడూ పైవాడే కదా తూము పగలగొట్టేది."

"మోటారు పెడితే కిందివాడూ లాగొచ్చు."

"బాలింత మోటారు పెట్టిందా?"

"మొగుడు కొలిమిలో పని చేస్తాడు. అలాంటివన్నీ తెలిసినవాడు."

నేను లోపలికి వెళ్ళి వత్తులు తొమ్మిది చేశాను. గదిలో తలుపేసుకుని కూర్చుంటే నాకు చెమట పట్టింది. భక్తి వల్ల అనుకున్నాను.


కార్తీక బహుళ పంచమి
కన్ను: 17. మాకు: చాలా చలి. కారణం: తెలియదు.

పిండి మూడో రోజు కూడా అలాగే ఉంది. పారబొయ్యడానికి మనసొప్పక దిబ్బరొట్టె వేశాను. అట్టలా వచ్చింది. నరసింగం నమిలి నమిలి, "దీన్ని బూటుకి అట్ట వేయించుకోవచ్చు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఇంట్లో వేరే కొలత పెట్టుకోవడానికి లేదు. మొదట్లో ప్రతి ఇంట్లోనూ ఒక థర్మామీటరు ఉండేది. ఏ రెండూ ఒక అంకె చూపేవి కావు. వరసల మధ్య కర్రలు లేచాయి. ఇప్పుడు కన్ను చెప్పిందే లెక్క. కాబట్టి మా ఇంటికి కొలత పిండి, వకుళ దగ్గు. రెండూ ఒకటే చెబుతున్నాయి.

నరసింగం లైను ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు. శివారు ఇల్లు మా వేడి లాగుతోందని. బహుళ చతుర్దశి నాడు విచారణ. రుజువైతే ఆ ఇంటి గొట్టానికి సీలు వేస్తారు.

"నాకొక మాట చెప్పి రాయవలసింది," అన్నాను.

"చెబితే వద్దంటావు."

"అంటాను."

"వకుళ సత్రానికి పోవాలా మరి?" గొంతు పెంచాడు. పెంచినవాడే తలుపు చాటుకి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు. నా తమ్ముడికి చెడ్డ బుద్ధి లేదు. భయం ఉంది. భయం ఎవరినో ఒకరిని పట్టుకుని ఊపితే గానీ ఊరుకోదు.

వకుళ అప్పుడే ఒక చిన్న బొంత పూర్తి చేసింది. చేతి రుమాలు కంటే కాస్త పెద్దది. నా పాత గళ్ళ చీర ముక్కలు.

"ఎవరికది?" అన్నాడు నరసింగం, తెలిసి.

"శివారు దొంగకి," అంది. "రెండు కిలోలు కూడా లేదట, మోటారు ఎలా తిప్పుతోందో."


కార్తీక బహుళ ద్వాదశి
కన్ను: 17. మాకు: వెచ్చన. కారణం:

గడి ఖాళీగా వదిలాను. తెలిసినది రాయడానికి చెయ్యి రావడం లేదు. జరిగింది కింద రాస్తాను.

నూనె అడుగంటింది. ఉన్న చివరి గిద్దెడు దీపంలో పోసి తెల్లవారుతూనే కింది డిపోకి బయలుదేరాను. "ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను, దీపం కాస్త చూస్తూ ఉండు," అని వకుళకి చెప్పాను. నరసింగం మంచు ఎత్తిపోసే పనికి వెళ్ళాడు. ఆరో మెట్టు దగ్గర గాలి లేచి తీగ బండి ఆగిపోయింది. తొట్టెలో పదిమందిమి గాల్లో వేలాడుతూ ఉండిపోయాం. ఒకావిడ ఏడుస్తోంది. నేను సీసా ఒడిలో పెట్టుకుని లెక్క వేసుకుంటున్నాను. తొమ్మిది వత్తులు, గిద్దెడు నూనె, ఎంతసేపు. ఎన్నిసార్లు వేసినా పొద్దున్న తొమ్మిది దాటి వెలిగేలా లేదు.

ఇంటికి చేరేసరికి రెండు దాటింది. బూట్లు విప్పుతూనే దేవుడి గది తలుపు తీశాను. చీకటి. వత్తులు మాడి నల్లగా ఉన్నాయి. ఇరవై ఏడో రోజు.

వకుళ హాల్లో గోడకి చేరగిలబడి నిద్రపోతోంది. దుప్పటి కాళ్ళ దగ్గర ఉంది. లేపాను.

"అక్కా, కళ్ళు మూతపడిపోయాయి," అంది. మొహం పాలిపోయింది. "దీపం. అయ్యో. ఎన్నాళ్ళకో ఒళ్ళు వెచ్చబడిందక్కా, అలా నడుం వాల్చాను, అంతే. కొండెక్కిందా? నా మీద మొక్కు. నా వల్లే."

నోరు తెరిస్తే మంచి మాట వచ్చేది కాదు. అందుకని దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు వంటింట్లో చుక్క పడిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఒకటి.

వెళ్ళి చూశాను. పిండి గిన్నె మూత కింద పడి ఉంది. నిన్న సాయంత్రం రుబ్బి పొద్దున్న దాకా రాయిలా ఉన్న పిండి గూడు నిండి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారుతోంది. గొట్టం టిక్కు టిక్కుమంటోంది. చెయ్యి ఆనించాను. కాలింది.

వెనక వకుళ వచ్చి నిలబడింది. అది దగ్గలేదు. నేను వచ్చి పావుగంట అయింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

పిండి ఎత్తి, నేల తుడిచి, స్నానం చేసి, కొత్త నూనె పోసి, ఒక వత్తి వేసి కూడా వెలిగించకుండా కూర్చున్నాను. తల పైకెత్తితే కన్ను కనపడింది. సరిగ్గా దీపం పైన.


కార్తీక బహుళ త్రయోదశి, ఉదయం
కన్ను: 17. మాకు: ముందు చలి, తర్వాత వెచ్చన, మళ్ళీ చలి. కారణం: పరీక్ష.

తమ్ముడు పనికి వెళ్ళేదాకా ఆగాను. తొమ్మిది వత్తులూ వెలిగించి తలుపు మూసి వంటింట్లో గొట్టం మీద చెయ్యి వేసి సహస్రనామం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి గొట్టం ఊరుకుంది. పూర్తయ్యేసరికి చల్లబడింది.

లోపలికి వెళ్ళి పువ్వుతో దీపం కొండెక్కించాను. నా చేత్తో నేను ఆ పని చెయ్యడం ఇదే మొదటిసారి. మళ్ళీ సహస్రనామం. గొట్టం టిక్కుమంది.

ఇంకోసారి వెలిగించి చూసి, మళ్ళీ కొండెక్కించాను. సరిపోయింది అది. అనుమానం లేదు.

నేను మూసిన గదిలో తొమ్మిది వత్తుల సెగ కన్నుకి తగిలి, ఇల్లంతా వెచ్చగా ఉందని అది గొట్టం మూసేస్తోంది. చెల్లెలు దగ్గిన కొద్దీ వత్తులు పెంచాను. వత్తులు పెంచిన కొద్దీ చెల్లెలు దగ్గింది.

కూర్చోలేకపోయాను. చిన్న బొంత తీసుకుని శివారు ఇంటికి వెళ్ళాను.

"రండక్కగారండీ, ఆ పీటేసుకోండి. నీళ్ళోసేత్తన్నాను, చేతులు ఖాళీ లేవండి," అంది మంగతాయారు. కాళ్ళ మీద పిల్ల. తొడ కంటే సన్నగా ఉంది. గది మా ఇంటి కంటే వెచ్చగా ఉన్న మాట నిజమే. కిటికీ కారుతోంది. పిల్ల నీళ్ళకి ఏడవలేదు, చూస్తోంది.

"ఏడవదండి," అంది. "ఏడవడానికి ఊపిరి చాలదంట. డాక్టరుగారన్నారు, నాలుగు నెల్లు వెచ్చగా ఉంచితే బతుకుద్ది, లేకపోతే లేదమ్మా అని. నాకున్నది ఒక్క బిళ్ళండి. ఈయన బిళ్ళ కొలిమి పనోళ్ళ బారకాసులో తగిలించేరు. దీనికేమో బిళ్ళ లేదు. దసరా లెక్కకి పుట్టలేదు కదండీ. వచ్చే దసరాకి ఇత్తారంట."

తల తుడిచి పిల్లని గుడ్డలో చుట్టింది.

"పుట్టిన రెండు రోజులూ నేను పడ్డ బాధ పగవాళ్ళకొద్దండి. చన్నుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు, కార్తీకం పాడ్యమి, ఉన్నట్టుండి గొట్టం వేడెక్కిందండి. అప్పట్నుంచీ ఇదిగో ఇలా. ఆఫీసోళ్ళెవరో దయ తలిచి చెప్పకుండా ఇడిసేరనుకున్నాను. అడిగితే ఆపేత్తారేమోనని అడగలేదండి. తప్పాండీ?" గొంతు తగ్గించింది. "నిన్న మటుకు పొద్దున్నించి రాత్రంతా చల్లబడిపోయింది. దీని పెదాలు నీలంగా అయిపోయేయి. పొయ్యి మీద ఇటుకలు కాల్చి చుట్టూ పెట్టేను. ఇందాకే మళ్ళీ వేడెక్కింది. అక్కగారండీ, ఆఫీసు కాయితం వచ్చింది. రేపు రమ్మన్నారు. అన్నగారు రాసేరంట. నేనేం లాగలేదండి. మీ దేవుడి మీద ఒట్టు."

"తెలుసు," అన్నాను.

బొంత ఇచ్చాను. పిల్లకి సరిగ్గా సరిపోయింది. ఇంటికొచ్చి ఒక వత్తి వెలిగించబోయి ఆగాను. వకుళ హాల్లో కుడుతోంది, దగ్గకుండా. గోడకి అవతల ఆ పిల్ల. అగ్గిపుల్ల వేలు దాకా కాలింది.

తొమ్మిది వత్తులూ వెలిగించాను. సాయంత్రం దాకా. ముగ్గురం కూర్చున్నాక తేల్చుకోవాలి, ఒక్కదాన్ని కాదు.


అదే రోజు, సాయంత్రం

అందరం వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నేను జరిగిందంతా వరసగా చెప్పాను. పాడ్యమి, కన్ను, వత్తులు, పిండి, పిల్ల.

మొదట నరసింగం లేచి నిలబడ్డాడు. "అంటే మన వేడి వాళ్ళింటికే పోతోందా, లేదా? నేనన్నదే కదా!"

"పోతోంది," అంది వకుళ. మధ్యాహ్నం నుంచి మళ్ళీ దగ్గుతోంది. "మనమే పంపుతున్నాం. దొంగతనం అంటే వాళ్ళు తీసుకోవాలి అన్నయ్యా. ఇది అక్క పెట్టిన నైవేద్యం."

"అయితే చాలా తేలిక. కన్ను తీసి హాల్లో పెట్టిస్తాం. దీపం దారి దీపానిది."

"పెట్టిస్తే ఆ పిల్ల?" అన్నాను.

నరసింగం మళ్ళీ కూర్చున్నాడు. పొయ్యి సెగకి చేతులు చాపాడు.

"ఎండాకాలం వంతులప్పుడు," అన్నాడు, "శివారు రైతులు లాకు మెట్ల మీద వచ్చి కూర్చునేవారు. గొడవ చేసేవాళ్ళు కారు. ఊరికే కూర్చునేవారు. రూలు ప్రకారం మీ వంతు బుధవారం అని చెప్పి లోపలికి పోయేవాణ్ణి. బుధవారం దాకా చేను ఆగుతుందా, ఆగదా అని ఒక్కడూ అడిగేవాడు కాదు. నేనూ అడగలేదు." చేతులు రుద్దుకున్నాడు. "ఆవిడ కూడా అడగలేదన్నావు కదూ."

"అడిగితే ఆపేస్తారని," అన్నాను.

"నేను వెళ్తాను ఆ ఇంటికి," అని మళ్ళీ నేనే అన్నాను. "మనిషి ఎక్కడ పడుకుంటే బిళ్ళ అక్కడికి మారుతుంది. నా బిళ్ళ తీసుకుపోతాను."

"నువ్వెళ్తే వకుళకి కాపడం ఎవరు పెడతారు? నాకు చేతనవుతుందా? కాల్చి చంపుతాను," అన్నాడు. "ఫిర్యాదు రాసింది నేను. నా బిళ్ళ పోతుంది."

"బాలింత ఇంట్లో నువ్వా?" అంది వకుళ.

"ముందు వసారా గది ఉంది కదా. గొట్టం అటు నుంచే లోపలికి పోతుంది. గంగరాజుకి నేనే కబురు పెడతాను. మీ ఆవిడ మీద ఫిర్యాదు రాసినవాణ్ణి, మీ ఇంటికి కాపరానికొస్తున్నాను అని." కాస్త ఆగాడు. "గురక పెడతానని ముందే చెప్పండి ఆ అమ్మాయికి. పిల్ల జడుసుకుంటుంది."

"పిల్ల నయం. ఆ గొట్టం జడుసుకుని పగిలిపోకుండా చూడు," అంది వకుళ. నవ్వబోయి దగ్గులో పడింది. చాలాసేపు తేరుకోలేదు. నేను వీపు రాశాను.

అది తగ్గాక అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. బిళ్ళ మారడానికి ఆఫీసులో మూడు రోజులు పడుతుంది. రేపు సంతకం పెడితే మార్గశిర పాడ్యమికి. డాక్టరు వచ్చేదీ ఆ రోజే. ఈలోగా కన్ను సరిచేస్తే వకుళ కోలుకుంటుంది, పిల్లకి అందదు. సరిచెయ్యకపోతే పిల్లకి అందుతుంది, వకుళ ఈ దగ్గుతోనే డాక్టరు ముందు కూర్చోవాలి.

నరసింగం నా వైపు చూశాడు. నేను దేవుడి గది తలుపు వైపు చూశాను. పెద్దదాన్ని కదా, చెప్పవలసింది నేనే.

"నన్ను అడగరేం?" అంది వకుళ. "దగ్గేది నేను. మూడు రోజులు నేను దగ్గగలను. దానికి ఏడవడానికే ఊపిరి లేదన్నావు. ఉండనియ్యి దీపాన్ని."

"డాక్టరు కాయితం రాస్తే?"

"రాస్తే అప్పుడు చూద్దాం. మూడు రోజులు ఇక్కడే పొయ్యి పక్కన పడుకుంటాను. ఇటు నువ్వు, అటు అన్నయ్య. గురకకి దగ్గు కూడా భయపడి రాదేమో."

పొయ్యి మీద నీళ్ళు మరిగి తగ్గాయి.

ఈ సాయంత్రం మేము అనుకున్నవి రాస్తున్నాను.

నరసింగం రేపు విచారణలో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు. తప్పు మాదని అందరి ముందూ చెబుతాడు. తన బిళ్ళ శివారు ఇంటికి మార్పించుకుంటాడు. పిల్లని ఇప్పుడే లెక్కలో చేర్చమని అర్జీ పెడతాడు. దసరా దాకా ఆగమంటే మెట్ల మీద కూర్చుంటాడట. ఎలా కూర్చోవాలో తనకి తెలుసన్నాడు.

ఈ పుస్తకం నేను నెల తిరిగేదాకా ఉంచుకోను. రేపే ఆఫీసులో ఇస్తాను. పైడిరాజు మీద మాట రాకూడదు. లోపలికి రానివాడిని రమ్మని నేను గట్టిగా పిలవలేదు.

పాడ్యమి నాడు, బిళ్ళ మారాక, కన్నుని దేవుడి గదిలోంచి తీయించి వకుళ పడుకునే గోడకి పెట్టిస్తాం. అందాకా ముగ్గురం వంటింట్లో.

మొక్కు లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఎవరి పేరున అని వకుళ అడిగింది. నీ పేరునే అన్నాను. పిల్ల పేరు కూడా చేర్చమంది. దానికింకా పేరు పెట్టలేదు. శివారు ఇంటి పిల్ల అని చెప్పుకున్నాను. దేవుడికి ఇల్లు తెలుసు.

నూనె పోసి వచ్చాను. తొమ్మిది వత్తులూ వెలుగుతున్నాయి. తలుపు మూశాను.

కన్ను: 17. మాకు: చలి. కారణం: దీపం. తెలిసి వెలిగించినది.